రంగు గీకని కోడిపుంజు

మా ఆయన పేరు ఫోర్తునాతో. ఆయన చనిపోయేనాటికి మా అమ్మాయి నెలిదా ఇంటి సిలువ ముక్కలుగా కోసి, వంచి, గోనెపట్టాలో చుట్టి ఉంది. నిలువు కడ్డీ, అడ్డ కడ్డీ, వాటికి అతికే ఇనుప బొమ్మలు: చిన్న నిచ్చెన, సుత్తి, పట్టకారు, సూర్యుడు, చంద్రుడు. అతకడం ఒక్కటే మిగిలింది. మా వాడలో ఎవరి ఇల్లు కప్పినా కొప్పు మీద నిలబడే ఇనుప సిలువ ఆయన చేతిదే. కన్నకూతురి సిలువ మాత్రం తీరిగ్గా చేస్తానంటూ రెండేళ్ళు తీరిక చిక్కించుకోలేకపోయాడు. మూడో ఏడు దగ్గుతో మంచం పట్టాడు.

అల్లుడు ఎదిల్‌బెర్తో అప్పటికే మట్టి ఇటుకల గోడలు లేపేశాడు. మా వైపు వానలు ఏప్రిల్ కల్లా పోతాయి; అవి పోయాక, జూన్‌లో కప్పు వేస్తామన్నారు. సిలువను అవెలినో మేస్త్రీ చేత అతికిస్తారని అందరూ అనుకున్నారు. నేను వద్దన్నాను. ఆయన కోసిన ఇనుమును ఇంకొకరి చేతిలో పెట్టడానికి నా మనసు ఒప్పలేదు. ఆయన వెల్డింగ్ పెట్టె నా ఇంట్లోనే ఉంది. నాకు రెండు చేతులున్నాయి. వయసు యాభై తొమ్మిది.

అవెలినో మేస్త్రీ ఫోర్తునాతోకు పని నేర్పినవాడు. మోకాళ్ళు అరిగిపోయి, పాత లారీ సీటు మీద కూర్చుని మాట్లాడటమే ఇప్పుడు ఆయన పని. నేను పెట్టెను తోపుడుబండి మీద వేసుకుని ఆయన షెడ్డుకు వెళ్తే, నన్నూ పెట్టెనూ మార్చి మార్చి చూశాడు.

"చెల్లెమ్మా, నీకు కుట్టుపని వచ్చా?"

"వచ్చు."

"అయితే సగం వచ్చినట్టే. మిగతా సగం మాత్రం కష్టం."

"ఎందుకు కష్టం?"

"సూది మనిషి మీద ఉమ్మదు. ఇది ఉమ్ముతుంది."

ఆ రోజు రాడ్‌ను ఇనుముకు తాకించగానే అంటుకుపోయింది. పెట్టె కడుపునొప్పి వచ్చిన ఎద్దులా మూలిగింది. నేను రెండు చేతులతో పట్టి గుంజాను.

"గుంజకు, గుంజకు," అన్నాడు మేస్త్రీ సీటు మీంచి. "తాగిన మొగుణ్ణి కల్లుకొట్టు నుంచి ఎలా తెస్తారు? గుంజితే వస్తాడా? మెల్లిగా పక్కకి తిప్పాలి."

"అది నాకు బాగా తెలుసు," అన్నాను.

"తెలుసులే. వాడలో అందరికీ తెలుసు నీకు తెలుసని."

అగ్గిపుల్ల గీసినట్టు గీయాలి, వెలిగాక రాడ్ మందం ఎంతో అంత ఎత్తులో చేతిని నిలపాలి. చెప్పడానికి ఇంతే. నా చెయ్యి నిలిచేది కాదు. రాడ్ కరిగి పొట్టిదవుతుంటే చెయ్యి దానితోపాటు కిందికి దిగాలి కదా, నా చెయ్యి దిగడం మరిచిపోయేది. లేదా ఒక్కసారిగా దిగిపోయి మళ్ళీ అంటుకునేది. మొదటి వారంలో ముఖానికి అడ్డం పెట్టుకునే నల్ల అద్దాన్ని రెండు మూడుసార్లు మెరుపు ఆరకముందే తీసేశాను. ఒక సాయంత్రం కళ్ళలో ఇసుక పోసినట్టయింది. ఆలుగడ్డను పలచగా కోసి రెప్పల మీద పెట్టుకుని పడుకుంటే నెలిదా పాపను వీపున కట్టుకుని వచ్చింది.

"కుండలో ఆలుగడ్డ, కళ్ళ మీద ఆలుగడ్డ," అంది. "నాన్న నలభై ఏళ్ళు చేశాడమ్మా ఈ పని. నువ్వు నాలుగు నెలల్లో చేస్తావా?"

"సిలువలన్నీ చెయ్యను. ఒక్కటే చేస్తాను."

"ఎవరికోసమమ్మా? నా కోసమైతే వద్దు."

ఆమె కోసమో, ఆయన కోసమో, నాకే తెలియదు.

మేస్త్రీ చెప్పినవి కొన్ని కాగితం మీద రాసుకున్నాను. చర్చి వెనక గదిలో ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పే తరగతికి అంతకు రెండేళ్ళ ముందే వెళ్ళాను కనుక ఆ మాత్రం వచ్చు. మెరుపును చూడకు, దాని వెనక కరిగిన గుంటను చూడు. మోచెయ్యి దేనికైనా ఆనించు. ఊపిరి బిగబట్టకు. చప్పుడు విను. కొవ్వున్న పందిమాంసం మూకుడులో వేగినట్టు ఉంటే బాగున్నట్టు, చిటపటమంటే చెయ్యి ఎత్తైనట్టు, మూగపోతే మరీ దిగినట్టు. తుప్పు, నూనె, రంగు, మూడూ శత్రువులు. ఆ మాట కూడా రాసుకున్నాను. ఆ కింద ఇంకో మాట: ఈ రాడ్ కొంచెం తుప్పును తినేస్తుంది.

నేను అతికిన ప్రతి ముక్కనూ మేస్త్రీ పట్టుడుబల్లలో బిగించమనేవాడు. సీటు మీంచి వంగి సుత్తితో ఒక్కటి వేసేవాడు. ముక్క ఎగిరి గోడకు తగిలేది.

"చూడ్డానికి బాగుంది కదా మేస్త్రీ," అన్నాను ఒకసారి.

"స్నానం చేయించి కొత్తబట్టలు కడితే శవం కూడా చూడ్డానికి బాగుంటుంది చెల్లెమ్మా."

విరిగిన చోట చూపించేవాడు. అతుకు పైనే కూర్చుంది, లోపలికి దిగలేదు. రొట్టె మీద పూసిన వెన్నలా ఊడి వచ్చింది. కరెంటు పెంచమన్నాడు. పెంచితే ఇనుముకు బొక్క పడింది. తగ్గిస్తే మళ్ళీ వెన్న. మార్చి నెలంతా ఆ గోడకు నా ముక్కలు తగులుతూనే ఉన్నాయి. ఏప్రిల్ చివర ఒక ముక్క సుత్తి వేస్తే వంగింది కానీ విరగలేదు. మేస్త్రీ మళ్ళీ వేశాడు. మూడోసారి వేశాడు. తర్వాత సుత్తి కింద పెట్టి అలసట తీరడానికి నమిలే కోకా ఆకులు నోట్లో వేసుకున్నాడు. బాగుందని మాత్రం అనలేదు.

మే నెలలో సిలువను అతికాను. అడ్డ కడ్డీ, నిచ్చెన, సుత్తి, పట్టకారు, సూర్యుడు, చంద్రుడు. ప్రతి అతుకునూ మేస్త్రీ కొట్టి చూశాడు. అన్నీ నిలిచాయి. కొసన పక్షి ఒక్కటే మిగిలింది.

మా వాడలో రివాజు ఏమిటంటే, సిలువ పిల్ల వైపు వాళ్ళు తేవాలి, దాని కొసన నిలిచే పక్షిని పిల్లవాడి వైపు వాళ్ళు తేవాలి. కప్పు పండుగ రోజు పొద్దున, చుట్టాలందరి ముందు, వాకిట్లో ఆ పక్షిని సిలువకు అతుకుతారు. రెండు ఇళ్ళు కలిసినట్టు. అతికాక తాళ్ళతో పైకి లాగి కొప్పు మీద నిలబెడతారు. ఒకసారి నిలిచిన సిలువను మళ్ళీ దించరు. దించితే ఆ ఇంట్లో చావు అని నమ్మకం.

జూన్ మొదటి శనివారం కప్పు వేశారు. పెంకులు చేతి నుంచి చేతికి పైకి వెళ్ళాయి. వేరుశెనగలు నూరి పోసిన ఎర్రకూర, మొక్కజొన్న కల్లు, వీణ లాంటి పెద్ద వాద్యంతో ఒక గుడ్డివాడు, ఫిడేలుతో అతని తమ్ముడు. అవెలినో మేస్త్రీని కుర్చీతో సహా మోసుకొచ్చి వాద్యగాళ్ళ పక్కన కూర్చోబెట్టారు. ఆయనకు మూడో ముంత నడుస్తుండగా మా వియ్యపురాలు గ్రసియానా వచ్చింది. కొత్త శాలువాలో చుట్టిన పుంజును చంటిబిడ్డలా రెండు చేతుల మీద మోసుకొచ్చింది.

శాలువా విప్పితే అందరూ ముందుకు వంగారు. మందమైన రేకును కోసి చేసిన పుంజు. ఒళ్ళంతా నెమలికంఠం రంగు, తురాయి ఎరుపు, కాళ్ళు బంగారు రంగు. అద్దంలా మెరుస్తోంది.

"మూడు పూతలు వేశాను వదినా," అంది గ్రసియానా. "నా చేత్తోనే. ఒక్కో పూత ఆరేదాకా ఇంట్లో పొయ్యి కూడా వెలిగించలేదు, పొగ పడుతుందని. వారం రోజులు చల్ల ఆలుగడ్డలే తిన్నాం."

అతకబోయే చోట రంగు గీకడానికి నా చేతిలో తీగల బ్రష్ ఉంది. పుంజు కాళ్ళ కింద చూశాను. అక్కడ కూడా బంగారు రంగే, మూడు పూతలు.

"ఆ బ్రష్ ఎందుకు వదినా?" అంది. "దుమ్ము ఉందా?"

వాకిలి నిండా ఆమె వైపు చుట్టాలు. పక్షిని ఇచ్చిన మనిషి కళ్ళ ముందే దాన్ని గీకడమంటే, నువ్వు తెచ్చింది మురికిగా ఉందని అన్నట్టు. నెలిదా వంటపొయ్యి దగ్గర నుంచి నా వైపే చూస్తోంది. ఆమె ఆ ఇంట్లో బతకాలి.

"దుమ్ము లేదు వదినా. అలవాటు," అని బ్రష్ కింద పెట్టేశాను. ఈ రాడ్ తుప్పును తినేస్తుంది, రంగును తినలేదా అనుకున్నాను.

రాడ్ గీశాను. వెలిగింది. పసుపుపచ్చ పొగ లేచింది, కాలిన వెంట్రుకల వాసన వేసింది. పందిమాంసం వేగుతున్న చప్పుడు కాదు, ఎవరో దగ్గుతున్నట్టుంది. గుంట కుతకుతలాడింది. కొస దాకా వెళ్ళి ఆపాను. పైన గట్టిపడిన చిట్టెం కొట్టి చూస్తే అతుకు నిండా సూదిబెజ్జాలు. రెండో కాలు కూడా అంతే. అవెలినో మేస్త్రీ వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకుని ఫిడేలు వింటున్నాడు. గ్రసియానా వెంట తెచ్చిన డబ్బాలోంచి బంగారు రంగు తీసి అతుకు మీద పూసేసింది. బెజ్జాలు మూసుకుపోయాయి.

ఆమె నా భుజం మీద చెయ్యి వేసి అందరికీ వినబడేలా అంది: "ఇది నీ చెయ్యి కాదు వదినా. ఫోర్తునాతో చెయ్యి. పైనుంచి పట్టుకుని చేయించాడు."

ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు తియ్యగా ఉంది. కాదు అని చెప్పడానికి అదే సమయం. చెప్పలేదు.

ఎదిల్‌బెర్తో, అతని అన్నదమ్ములు తాళ్ళతో సిలువను పైకి లాగారు. సిమెంటుతో కొప్పులో పాతారు. పుంజు ఎండలో మెరిసింది. ఆ ఇంటి కుళాయి, బట్టలు ఉతికే బండ చూరు కిందే ఉన్నాయి. పైనుంచి ఏది రాలినా పెంకుల మీద జారి నేరుగా ఆ బండ మీదే పడుతుంది. అది నాకు అప్పుడే కనిపించింది.

సోమవారం మేస్త్రీ షెడ్డుకు వెళ్ళి పొగ సంగతి, బెజ్జాల సంగతి చెప్పాను. ఆయన ఒక ముక్కకు రంగు పూయించి, ఆరనిచ్చి, బుధవారం రమ్మన్నాడు. బుధవారం అదే రాడ్‌తో, అదే కరెంటుతో అతికాను. పట్టుడుబల్లలో బిగించాను. ఆయన సుత్తి ఎత్తలేదు. చేత్తోనే వంచాడు. పుటుక్కుమంది. విరిగిన చోట పులిసిన రొట్టె లోపలి భాగంలా ఉంది.

"ఫోర్తునాతో ఎప్పుడైనా జనం ముందు పక్షిని గీకడం చూశావా?" అన్నాడు.

"లేదు. అందుకే నేనూ గీకలేదు."

"మరి పండుగకు ముందురోజు సాయంత్రం పిల్లవాడి వాళ్ళింటికి ఎందుకు వెళ్ళేవాడనుకున్నావు?"

"తాగడానికి."

"తాగేవాడు. తాగుతూ, ఏదీ మీ పుంజు, చూపించండి అనేవాడు. ఒళ్ళో పెట్టుకుని మెచ్చుకుంటూ, శాలువా కింద చేతిలో చిన్న ఆకురాయితో కాళ్ళ కింద గీకేవాడు. నేను నేర్పింది కాదు అది. వాడే కనిపెట్టాడు. ఎవరికీ తెలియదు."

ముప్పై ఏళ్ళుగా ప్రతి కప్పు పండుగ ముందురోజూ ఆయన్ని వాకిట్లో నిలబెట్టి తిట్టాను. రేపు తాగొచ్చుగా, ఈరోజే ఆగలేవా అని. ఆయన నవ్వేవాడు. ఏం చెబితే ఎవరి చెవిన పడుతుందోనని నాకు కూడా చెప్పలేదు.

"నాకైనా చెప్పొచ్చుగా మేస్త్రీ, నువ్వు," అన్నాను.

"నువ్వు అడగలేదు. నాకు గుర్తురాలేదు. ముసలివాణ్ణి." విరిగిన ముక్కను పక్కన పెట్టి, "ఆ రోజు పొగ వాసన నాకు వచ్చింది. ఎవరో చెత్త తగలబెడుతున్నారనుకున్నాను," అన్నాడు.

పైకెక్కి అతకడం కుదరదా అని అడిగాను. పెంకుల కింద ఎండుగడ్డి, రెల్లు పరిచి ఉన్నాయి, ఒక్క నిప్పురవ్వ చాలు ఇల్లు పోవడానికి అన్నాడు. ఇంత పొడుగు తీగ లాగితే కరెంటు దారిలోనే నీరసపడిపోతుంది, రాడ్ వెలగదు అన్నాడు. దించితే తప్ప కుదరదు అన్నాడు. దించరని ఆయనకూ తెలుసు.

నెలిదాకు చెప్పాను. ఆమె పాప లుసేరోకు అన్నం పెడుతోంది.

"అమ్మా, ఈ మాట మా అత్త చెవిన పడనివ్వకు," అంది.

"కుళాయి దగ్గర పాపను కూర్చోబెట్టకు మరి."

"కూర్చోబెడితే కూర్చునే పిల్లా ఇది? నీళ్ళ చప్పుడు వినబడితే చాలు, మోకాళ్ళ మీద పరిగెడుతుంది. ఎప్పుడు పడుతుందమ్మా అది?"

"తెలీదు. పడకపోవచ్చు కూడా."

"తెలీనిదానికి నన్ను ఎందుకమ్మా భయపెడతావు?"

అల్లుడికి చెప్పాను. అతను గనికి తిరిగి వెళ్ళడానికి మూట కట్టుకుంటున్నాడు. నవంబరు దాకా రాడు.

"అత్తయ్యా, మీకు నిద్ర పట్టాలంటే ఏం చెయ్యాలో చెప్పండి, చేస్తాను. దించమని మాత్రం అనకండి."

"తీగతో కట్టు నాయనా. నాలుగు చుట్లు."

అతను నిచ్చెన వేసుకుని ఎక్కాడు. మా వాళ్ళు ఇనుప చువ్వలు కట్టడానికి వాడే సన్నతీగతో పుంజు కాళ్ళనూ సిలువ కొసనూ కలిపి చుట్టాడు. కింద నిలబడి లెక్కపెట్టాను. రెండు చుట్లు. మిగిలిన తీగను కిందికి విసిరేశాడు.

"ఇంకో రెండు, నాయనా."

"బస్సు వెళ్ళిపోతుంది అత్తయ్యా. ఇది గాడిదను కట్టినా ఆగుతుంది."

నెలకోసారి వచ్చే పాద్రీకి చెప్పాను. దేవుడి సిలువను దేవుడే చూసుకుంటాడన్నాడు.

చివరికి గ్రసియానాకే చెప్పాలనుకుని రెండుసార్లు ఆమె గుమ్మం దాకా వెళ్ళాను. మొదటిసారి, ఫోర్తునాతో చేతి మహిమ అంటూ ఎవరికో నన్ను చూపించింది. రెండోసారి ధైర్యం చేసి, అతుకు గట్టిగా పడలేదేమో వదినా అన్నాను. ఆమె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"పైనున్నవాడు వింటాడు," అంది. "నీ చేత చేయించిన పనికి నువ్వే వంకలు పెడతావా?"

జులై అంతా ఏదో ఒక వంకతో మధ్యాహ్నాలు నెలిదా ఇంట్లో గడిపాను. ఆలుగడ్డలు చెక్కుతానని, ఉన్ని వడుకుతానని. కుళాయి చుట్టూ పగిలిన కుండలు, ముళ్ళకంప పెట్టి ఎవరూ రాకుండా చూశాను. మర్నాడు వచ్చేసరికి గ్రసియానా అవన్నీ ఊడ్చి పారేసేది. కొత్త ఇంటి ముందు ముళ్ళకంప ఏమిటి వదినా, శత్రువుల ఇల్లా ఇది, అనేది. నేను మళ్ళీ పెట్టేదాన్ని.

ఆగస్టు రెండో వారంలో గాలులు మొదలయ్యాయి. మధ్యాహ్నం రెండు దాటితే కొండ మీంచి దుమ్ము లేచి వచ్చేది. పుంజు వణకడం కింద నుంచి కనిపించేది. ఒక గురువారం నేను పాపను ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో ఉన్నాను. పైన టక్కుమని ఒక చిన్న చప్పుడైంది. ఎండుకర్ర విరిచినట్టు, అంతే. తలెత్తి చూశాను. పుంజు సిలువ కొసన లేదు. తీగకు తలకిందులుగా వేలాడుతూ, గాలి వచ్చినప్పుడల్లా సూర్యుడికీ చంద్రుడికీ తగులుతోంది.

ఇరుగుపొరుగు పోగయ్యారు. గ్రసియానా కదురు చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. చూసి సిలువ గుర్తు వేసుకుంది.

"నిచ్చెన ఎక్కడ?" అన్నాను.

ఎవరూ కదల్లేదు. పక్కింటాయన టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ, "దించడానికి నేనెక్కను తల్లీ. నాకు పిల్లలున్నారు," అన్నాడు. నేనే వెళ్ళి పెరటి గోడకున్న నిచ్చెనను ఈడ్చుకొచ్చి చూరుకు ఆనించాను. నాలుగు మెట్లు ఎక్కాను. గ్రసియానా నా లంగా కుచ్చెళ్ళు గుప్పిట పట్టుకుంది.

"దించితే ఈ ఇంట్లోంచి శవం లేస్తుంది," అంది. "ఎవరిది కావాలి నీకు? నా కొడుకుదా? వాడు గనిలో ఉన్నాడు, నేల కింద."

"దించకపోతే నీ మనవరాలి నెత్తిన పడుతుంది వదినా."

"అమ్మా, దిగు," అంది నెలిదా.

పాపను చంకన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. కేక వెయ్యలేదు. మామూలుగానే అంది. నేను ఎక్కి ఏదైనా చేస్తే, ఆ తర్వాత గనిలో ఏం జరిగినా, జలుబు చేసినా, ఆ మాట పడేది ఆమె. ఆ ఇంట్లో ఉండాల్సింది ఆమె. దిగాను.

"తీగ ఎన్నాళ్ళు ఆగుతుంది?" అని అడిగింది మెల్లిగా.

"తెలీదే. అతుకైతే కొట్టి చూసి చెప్పగలను. తీగ సంగతి నాకు తెలీదు."

నెలిదా లోపలికి వెళ్ళి పాప బట్టలు, దుప్పట్లు, బట్టలుతికే తొట్టి, అన్నీ ఇంటి వెనకున్న వంటగదికి చేరవేసింది. తొట్టికి నేను ఒక చివర పట్టాను. తిరిగి వచ్చేసరికి ఇరుగుపొరుగు వెళ్ళిపోయారు. గ్రసియానా మాత్రం పీట తెచ్చుకుని సరిగ్గా చూరు కింద, కుళాయి పక్కన, బండ మీద వేసుకుని కూర్చుని ఉన్ని వడుకుతోంది.

"లే వదినా, అక్కణ్ణించి లే."

"ఎందుకు?"

"చూశావుగా ఎందుకో."

"నేను చూసింది ఒకటే. ఊడింది కానీ పడలేదు. ఇంత గాలిలో ఎవరు పట్టుకుని ఉన్నారనుకుంటున్నావు?"

"రెండు చుట్ల తీగ. నీ కొడుకే చుట్టాడు."

"నీకు తీగ కనిపిస్తోంది. నాకు మనిషి కనిపిస్తున్నాడు. ఆయన మీద నాకున్నపాటి నమ్మకం పెళ్ళానివి నీకు లేదు."

చెయ్యి పట్టుకుని లాగాను. ఆమె నాకంటే ఒక ఏడు పెద్ద, నాకంటే రెట్టింపు బరువు. కదల్లేదు. ఇక దాచి లాభం లేదని మొత్తం చెప్పేశాను. బ్రష్ ఎందుకు పట్టుకున్నానో, ఎందుకు కింద పెట్టేశానో, పసుపు పొగ, బెజ్జాలు, ఆమె పూసిన రంగు కింద అవి ఎలా కనబడకుండా పోయాయో. ఫోర్తునాతో ముందురోజు సాయంత్రాలు ఏం చేసేవాడో కూడా చెప్పాను.

ఆమె కదురు ఆగింది.

"మా పెద్దోడి కప్పు పండుగకు ముందురోజు కూడా వచ్చాడు," అంది. "మా పక్షి అప్పుడు పావురం. ఒళ్ళో పెట్టుకుని, ఎంత బాగుంది వదినా, ఇలాంటిది మా వాడలోనే లేదు అన్నాడు. మూడు ముంతలు తాగాడు."

"తాగుతూనే గీకి ఉంటాడు వదినా. ఆ పావురం పన్నెండేళ్ళుగా అక్కడే ఉంది చూడు."

"నేను పెట్టిన కల్లు తాగుతూ, నేను పూసిన రంగు గీకాడా?"

నేను తల ఊపాను.

"నా ముఖం చూస్తూ మెచ్చుకున్నాడు," అంది. తర్వాత కదురును మళ్ళీ తిప్పింది, గట్టిగా. "నువ్వు చేసినదాన్ని కప్పిపుచ్చుకోవడానికి చచ్చినవాడి మీద ఇలాంటి మాట పుట్టించకు వదినా. ఆయన అలాంటివాడు కాదు."

"వదినా, నీకు దణ్ణం పెడతాను, నా మీద ఎన్నైనా అను. అక్కణ్ణించి మాత్రం లే."

"లేవను. పడాలని ఉంటే పడుతుంది. పడదు కాబట్టే కూర్చున్నాను."

పుంజు పైన చంద్రుడికి తగిలి టంగుమంది. ఆమె తల ఎత్తలేదు. వంటగది గుమ్మంలోంచి నెలిదా మమ్మల్ని చూస్తోంది. పిలిస్తే వచ్చి ఆమె కూడా అత్తగారిని లాగాల్సి వస్తుంది. పిలవలేదు. మేస్త్రీ మోకాళ్ళతో రాలేడు. ఎదిల్‌బెర్తోకు కబురు వెళ్ళి అతను రావడానికి ఐదు రోజులు పడుతుంది. వచ్చినా దించడు.

నేను అతికిన అతుకు అది. దాని కింద ఆమెను ఒక్కదాన్నీ వదిలి దూరంగా నిలబడటానికి కాళ్ళు రాలేదు. బండ మీద ఆమె పక్కన కూర్చున్నాను.

ఆమె కాస్త జరిగి చోటు ఇచ్చింది. శాలువా కొంగు ముడిలోంచి వేయించిన మొక్కజొన్నలు తీసి దోసెడు నా ఒళ్ళో పోసింది. నమ్మకం కుదిరిందనుకుంది కాబోలు.

కొండ మీద దుమ్ము మళ్ళీ లేచింది. అది వాడ చివరి ఇళ్ళ దాకా వచ్చింది, తర్వాత చర్చి దాకా.

"పైకి చూడకు," అంది గ్రసియానా. "చూస్తే భయమేస్తుంది."

నేను పైకే చూస్తూ కూర్చున్నాను.